ఆర్థర్ కాటన్

సర్ ఆర్థర్ థామస్ కాటన్ (1803 మే 15 - 1899 జూలై 24) ఈస్టిండియా కంపెనీ మద్రాసు సైన్యానికి చెందిన ఇంజనీరు అధికారి. గోదావరి నదిపై ధవళేశ్వరం వద్ద ఆనకట్ట నిర్మించి ఉభయ గోదావరి జిల్లాల రూపురేఖలను మార్చినవాడుగా ఆంధ్రదేశంలో సుప్రసిద్ధుడు. కృష్ణానదిపై బెజవాడ వద్ద నిర్మించిన ఆనకట్టను కూడా ఈయనే కట్టాడని మచిలీపట్నం, గుడివాడ, దివిసీమ ప్రాంతాలలో చాలామంది భావిస్తారు. ఆ భావన పూర్తిగా సరియైనది కాదు. బెజవాడ ఆనకట్ట నిర్మాణాన్ని స్వయంగా నడిపించినవాడు అదే దళానికి చెందిన కెప్టెన్ చార్లెస్ ఓర్. అయితే ఆ నిర్మాణానికి ఆధారమైన పద్ధతి, దానిని సాధించిన పట్టుదల చాలావరకు కాటన్‌వి. కాటన్ జీవితాన్ని తెలుసుకుంటే ఆనాటి సైనిక ఇంజనీరు ఏ ఏ విధులు నిర్వహించేవాడో, తుపాకి పట్టిన చేతికి కాలువల పని ఎట్లా అప్పగించబడిందో కూడా తెలుస్తుంది.

బాల్యం, సైనిక విద్య

కాటన్ ఇంగ్లండులోని చెషైర్ ప్రాంతంలో, కాంబర్‌మియర్ అనే చోట జన్మించాడు. తండ్రి హెన్రీ కాల్వెలీ కాటన్. ఆయనకు పదకొండుమంది కుమారులు, ఆర్థర్ పదవవాడు. కుటుంబంలో సైనికులు ఎక్కువ. 1826లో భరత్‌పూర్ కోటను పట్టుకున్న సేనాని లార్డ్ కాంబర్‌మియర్ వీరికి దగ్గరి బంధువు. అన్నలలో ఒకడైన సిడ్నీ కాటన్ పెషావరు ప్రాంతంలో సేనాధిపతిగా పేరు పొందాడు. తమ్ముడు ఫ్రెడరిక్ కాటన్ ఆర్థర్ వలెనే మద్రాసు ఇంజనీర్ల దళంలో చేరి నీటిపారుదల పనులు చేశాడు. అన్నదమ్ములిద్దరూ ఒకే దళంలో ఒకే రకమైన పనులు చేయడం వలన కొన్ని రచనలలో ఒకరి పని మరొకరి పేర చేరిపోయింది.

పదిహేనవ యేట ఆర్థర్ అడిస్కోంబ్ సైనిక విద్యాలయంలో చేరాడు. ఇది ఈస్టిండియా కంపెనీ తన ఫిరంగిదళానికి, ఇంజనీర్ల దళానికి కావలసిన అధికారులను తయారు చేసుకొనడానికి నడిపిన విద్యాలయం. గణితం, కోటల నిర్మాణం, చిత్తు పటాలు గీయడం, సర్వే ఇక్కడి ముఖ్య పాఠ్యాంశాలు. ఉత్తీర్ణులైనవారిలో బాగా పై స్థానాలు పొందినవారినే ఇంజనీర్ల దళానికి ఎంపిక చేసేవారు. కాటన్ 1819లో మద్రాసు ఇంజనీర్ల దళానికి సెకండ్ లెఫ్టినెంటుగా ఎంపికయ్యాడు. కొంతకాలం వేల్స్ ప్రాంతపు సర్వేలో పనిచేసి, 1821లో మద్రాసు చేరాడు. అప్పటికి ఆయన వయస్సు పద్దెనిమిది.

సైనిక ఇంజనీరు విధులు

ఆనాటి మద్రాసు ఇంజనీర్ల దళం చాలా చిన్నది. అధికారుల సంఖ్య కొద్ది. వారి క్రింద పని చేసేవారు మద్రాసు శాపర్లు, మైనర్లు అనబడే సిపాయీలు. యుద్ధసమయంలో వీరి పని శత్రుకోటల ముందు కందకాలు తవ్వడం, ఫిరంగులకు దిబ్బలు కట్టడం, గోడలను కూల్చడానికి సొరంగాలు తవ్వడం, సైన్యం దాటడానికి వంతెనలు వేయడం. యుద్ధం లేనప్పుడు కోటలు, బారకాసులు, మందుగుండు కొట్లు, రోడ్లు, వంతెనలు వీరి బాధ్యత. పౌర ఇంజనీర్లు అనే ప్రత్యేక వర్గం ఇంకా దేశంలో ఏర్పడలేదు. అందువలన చెరువులు, కాలువలు, తూముల మరమ్మతులు కూడా సైనిక ఇంజనీర్ల మీదనే పడ్డాయి. ఈ పనులు చూచే శాఖను మరామత్తు శాఖ అని వ్యవహరించేవారు. పబ్లిక్ వర్క్స్ శాఖ (నేటి ప్రజల నోట పీడబ్ల్యుడీ) ప్రత్యేకంగా ఏర్పడినది 1850లలోనే.

ఈ ఏర్పాటులో ఒక చిక్కు ఉన్నది. ఇంజనీరు అధికారి జీతం, హోదా సైన్యపు పద్ధతి ప్రకారం పెరిగేవి. పని మాత్రం రెవిన్యూ అధికారుల అవసరాల ప్రకారం సాగేది. చెరువు గట్టు తెగితే జిల్లా కలెక్టరు మొరపెట్టుకోవాలి. ఖర్చు మంజూరు చేయవలసినది మద్రాసులోని బోర్డులు. పెద్ద మొత్తమయితే లండనులోని డైరెక్టర్లు. ఈ మూడింటి నడుమ కాగితాలు తిరుగుతూ ఉండగా పంటలు ఎండిపోవడం సాధారణం. కాటన్ జీవితమంతా ఈ ఆలస్యం మీద పోరాటమే అనవచ్చు.

బర్మా యుద్ధం, కావేరి పనులు

మద్రాసులో కొద్దికాలం పనిచేసిన తరువాత కాటన్‌ను దక్షిణ జిల్లాల చెరువుల శాఖకు పంపారు. భారత ప్రధానభూమికి, రామేశ్వరం దీవికి మధ్యనున్న పాంబన్ జలసంధిని సర్వే చేయడం ఆయన తొలి పనులలో ఒకటి. 1824లో మొదటి బర్మా యుద్ధం రాగా సైన్యంతోపాటు వెళ్ళి ఫీల్డు ఇంజనీరుగా రెండేళ్ళు పనిచేశాడు. ఆయన యుద్ధ జీవితం దాదాపు అంతటితో ముగిసింది.

తిరిగి వచ్చిన తరువాత కావేరి డెల్టా ఆయనకు విద్యాలయమయింది. శ్రీరంగం ఎగువన కావేరి రెండు పాయలుగా చీలుతుంది. ఉత్తరపు పాయ అయిన కొల్లడం లోతుగా, ఏటవాలుగా ఉండడం వలన నీరంతా అటు పోయి, తంజావూరు పొలాలకు నీరందించే కావేరి పాయ ఇసుకతో పూడిపోసాగింది. కాటన్ 1836 నాటికి కొల్లడంపై ఎగువ, దిగువ ఆనకట్టలు రెండు నిర్మించి ఈ నష్టాన్ని ఆపాడు.

ఇక్కడ ఆయన నేర్చుకున్న పాఠమే తరువాత గోదావరికి, కృష్ణకు ఉపయోగపడింది. ఇసుక నదిలో పునాదికి రాయి దొరకదు. ఐరోపా పద్ధతిలో గట్టి నేల తగిలేవరకు తవ్వుకుంటూ పోతే ఖర్చు భరించరానిది. అయితే కరికాల చోళుని పేర ప్రసిద్ధమైన కల్లణై ఎన్నో శతాబ్దాలుగా ఇసుకలోనే నిలిచి ఉన్నది. పెద్ద రాళ్ళను ఇసుకలో పడవేస్తూ పోతే అవి దిగబడి, కొంతకాలానికి కదలని స్థితికి వస్తాయి. ఆ రాళ్ళ బరువే పునాది. దీనికి తోడు చిన్న చిన్న బావులు దించి, వాటిని నింపి, వాటిపై గోడ కట్టడం దక్షిణదేశపు పనివారికి తెలిసిన విద్య. ఈ విద్యను దేశీయుల నుండే నేర్చుకున్నానని కాటన్ దాచుకొనకుండా చెప్పుకున్నాడు. ఆనాటి అధికారులలో ఇట్లా ఒప్పుకున్నవారు తక్కువ.

ఈ కాలంలోనే మద్రాసు సమీపాన రాళ్ళు తరలించడానికి రెడ్ హిల్స్ వద్ద వేసిన రైలుమార్గంతో కూడా కాటన్‌కు సంబంధం ఉన్నది. భారతదేశంలో పట్టాలు పరచిన మొదటి ప్రయత్నాలలో అది ఒకటి. తరువాతి కాలంలో రైళ్ళకు బద్ధవిరోధిగా పేరుపడిన వ్యక్తి ఈ పనిలో ఉండడం విచిత్రమే.

అనారోగ్యం, విశాఖపట్నం

ఎండలో నిలిచి చేసిన పనుల వలన కాటన్ ఆరోగ్యం చెడింది. సెలవుపై ఆస్ట్రేలియా దక్షిణాన ఉన్న టాస్మేనియా ద్వీపానికి వెళ్ళాడు. అక్కడ 1841లో ఎలిజబెత్ లియర్‌మంత్‌ను వివాహమాడాడు. భారతదేశానికి తిరిగి వచ్చిన పిమ్మట విశాఖపట్నంలో నియమితుడై, సముద్రపు కోత నుండి తీరాన్ని కాపాడే పనులు చేశాడు. అక్కడ ఉండగానే ఆయన దృష్టి గోదావరి వైపు మళ్ళింది.

గోదావరి ఆనకట్ట

ఆనాటి రాజమండ్రి జిల్లా దుర్భర స్థితిలో ఉండేది. 1821లో సుమారు 7.38 లక్షలున్న జనాభా 1841 నాటికి 5.61 లక్షలకు పడిపోయింది. 1832-33 సంవత్సరాల కరువు, 1839లో కోరంగిని ముంచిన తుఫాను, వలసలు ఇందుకు కారణాలు. నిండుగా పారే మహానది ప్రక్కనే ఉండగా ప్రజలు తిండిలేక చనిపోవడమేమిటన్నది కాటన్ నివేదికల సారాంశం. 1844, 1845లలో ఆయన పంపిన నివేదికలు ఫలించి ఆనకట్టకు అనుమతి లభించింది. 1847లో పని మొదలయి 1852లో ముగిసింది.

ధవళేశ్వరం, ర్యాలీ, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు భాగాలుగా, మధ్య లంకలను కలుపుకొంటూ కట్టిన ఈ ఆనకట్టలో కట్టడం పొడవు సుమారు 3.6 కిలోమీటర్లు. కాటన్ కోరినంత మంది అధికారులు, తాపీ పనివారు ఆయనకు లభించలేదు. వచ్చినవారు కొద్దిమంది యువ అధికారులు, శిక్షణ పొందుతున్న కుర్రవాళ్ళు. దేశీయ ఉద్యోగులలో వీణం వీరన్న కూలీలను సమకూర్చి పనిని నడిపించడంలో కాటన్‌కు కుడిభుజంగా నిలిచి, తరువాత రాయ్ బహదూర్ బిరుదు పొందాడు. పని నడుమ కాటన్‌కు వడదెబ్బ తగిలి 1848లో సెలవుపై వెళ్ళవలసి రాగా, దాదాపు రెండేళ్ళు ఆనకట్ట భారం వహించినవాడు కెప్టెన్ ఓర్. హేగ్ అనే మరొక అధికారి గన్నవరం అక్విడక్టును నిర్మించి గోదావరి నీటిని పాయ దాటించి కోనసీమకు చేర్చాడు.

కృష్ణా డెల్టా - పూర్వస్థితి

కృష్ణా నీటిని సేద్యానికి మళ్ళించాలన్న ఆలోచన కాటన్‌తో పుట్టినది కాదు. 1790లలోనే ఈ ప్రస్తావన వచ్చింది. మద్రాసు నక్షత్రశాల ఖగోళజ్ఞుడు, 1794లో మద్రాసులో సర్వే పాఠశాలను స్థాపించిన మైకేల్ టాపింగ్ కృష్ణా, గోదావరి డెల్టాలను సర్వే చేయడానికి నియమితుడయ్యాడు. ఆ పనిలో ఉండగానే జ్వరం సోకి 1796లో మచిలీపట్నంలో మరణించాడు. తరువాత దాదాపు నలభై ఏళ్ళు ఆ ఆలోచన దస్త్రాలలో నిద్రపోయింది.

ఆ నిద్రకు మూల్యం 1832-33లో చెల్లింది. నందన కరువు, డొక్కల కరువు అని ప్రజలు పేర్కొనే ఆ క్షామం గుంటూరు జిల్లాను మరీ ఘోరంగా దెబ్బతీసింది. జిల్లాలో సుమారు అయిదు లక్షలమంది ఉండగా మూడవ వంతుకు పైగా మరణించారని ఆనాటి అంచనాలు. కృష్ణకు ఇవతలనున్న మచిలీపట్నం జిల్లా కూడా ఈ కరువు వాత పడింది. మద్రాసు దారి పొడవునా శవాలు పడి ఉండేవని చెప్పుకునేవారు. నదీతీరాన ఇంతమంది చనిపోవడమే కృష్ణా ఆనకట్టకు అతి బలమైన వాదంగా మారింది. 1839 ప్రాంతంలో కెప్టెన్ బకిల్, తరువాత లేక్ అనే అధికారి బెజవాడ వద్ద ఆనకట్ట సాధ్యాసాధ్యాలను పరిశీలించారు. 1847 నాటికి కాటన్ కూడా ఆ స్థలాన్ని సమర్థించాడు.

బెజవాడ ఆనకట్ట

గోదావరికి, కృష్ణకు ఒక ముఖ్యమైన భేదం ఉన్నది. ధవళేశ్వరం వద్ద గోదావరి లంకలతో కలిపి దాదాపు ఆరు కిలోమీటర్ల వెడల్పున విస్తరిస్తుంది. వరద పలుచగా పరచుకుంటుంది. బెజవాడ వద్ద కృష్ణ ఇంద్రకీలాద్రికి, సీతానగరం కొండకు మధ్యన కిలోమీటరుకు కొద్దిగా మించిన ఇరుకు దారిలో పోతుంది. కనుక ఇక్కడ కట్టవలసిన గోడ పొట్టిది. కాని దాని మీదుగా దూకే వరద ఎంతో ఎత్తయినది, వేగం కలది. రెండు కొండలూ ప్రక్కనే ఉండడం వలన రాయికి కొదవ లేకపోవడం ఒక్కటే సుళువు.

పని 1852లో మొదలయి 1855లో పూర్తయింది. దాని అధికారి ఓర్. ధవళేశ్వరంలో ఆరితేరిన అనుభవం ఆయనకు ఇక్కడ అక్కరకు వచ్చింది. ఆనకట్ట పొడవు సుమారు 1132 మీటర్లు. ఇసుకలో దించిన బావుల వరుసపై ముందుగోడ, దాని వెనుక దిగువవైపు ఏటవాలుగా విసరిన రాళ్ళ మేట, రెండు చివరలా ఇసుకను కొట్టివేసే తూములు, వాటి ప్రక్కన కాలువల తలుపులు: ఇదీ దాని స్వరూపం. వరద పోయిన ప్రతిసారీ కొన్ని రాళ్ళు కొట్టుకుపోయేవి. ఎండాకాలంలో మరల రాళ్ళు వేసేవారు. ఇది లోపం కాదు, ఆ పద్ధతిలోనే ఉన్నది.

ఆనకట్ట అంటే జలాశయం అని పొరబడరాదు. అది నీటిని నిలువ చేయదు. నది మట్టాన్ని కొన్ని అడుగులు ఎత్తి, ఆ ఎత్తున ఉన్న కాలువలలోకి నీటిని మళ్ళిస్తుంది. మిగిలినది పైనుండి పొర్లిపోతుంది. ఈ కొద్ది ఎత్తే డెల్టాకు చాలడానికి కారణం అక్కడి నేల వాలు. మైదానంలో పారే నది ఏటేటా వరదలతో తన ఒడ్డున మేట వేసుకుంటుంది. అందుచేత డెల్టాలో అన్నింటికంటె ఎత్తయిన నేల నది ఒడ్డునే ఉంటుంది. నదికి దూరమైనకొద్దీ నేల పల్లమవుతుంది. కాలువను ఎత్తయిన గట్టు వెంబడి నడిపితే నీరు తనంతట తానే ఇరుప్రక్కలకూ పారుతుంది. పల్లపు దారులు మురుగు పోవడానికి మిగులుతాయి. కావేరి వద్ద కాటన్ గ్రహించి, గోదావరి వద్ద అమలుపరచిన సూత్రమిదే. కృష్ణకు ఎడమ ఒడ్డున బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ, కుడి ఒడ్డున కొమ్మమూరు కాలువ ఈ ఏర్పాటులోనివి.

మచిలీపట్నం, గుడివాడ, దివిసీమ

మచిలీపట్నం (బందరు) ఆనాటికే క్షీణిస్తున్న రేవు. 1611లో ఇంగ్లీషువారు ఇక్కడ వర్తకం ప్రారంభించారు. డచ్చివారు, ఫ్రెంచివారు కూడా ఉండేవారు. 1759లో కల్నల్ ఫోర్డ్ బందరు కోటను ఫ్రెంచివారి నుండి పట్టుకున్నాడు. ఆ తరువాత కోట బాగోగులు, చిత్తడి నేల మీద సిపాయీల బారకాసులు మద్రాసు ఇంజనీర్ల పాలిట తలనొప్పిగా ఉండేవి. రేవులో నీటిలోతు తక్కువ కావడం వలన ఓడలు దూరాన ఆగి, సరుకులు పడవల మీద ఒడ్డుకు రావలసి ఉండేది. లోపలి భూభాగానికి చౌక రవాణా లేకపోతే ఈ రేవు బ్రతకదని అందరికీ తెలుసు. బందరు కాలువ ఆ లోటు తీర్చింది. లాకుల మీదుగా పడవలు బియ్యం, ఉప్పు, బట్టలు మోసుకుంటూ బెజవాడ, బందరుల మధ్య తిరిగాయి. ఏలూరు కాలువ కృష్ణా కాలువలను గోదావరి కాలువలతో కలపడంతో కాకినాడ వరకు జలమార్గం ఏర్పడింది. అటు కొమ్మమూరు కాలువ, బకింగ్‌హాం కాలువ ద్వారా మద్రాసు వరకు పడవ వెళ్ళే అవకాశం తరువాతి దశాబ్దాలలో కలిగింది. 1859లో గుంటూరు, మచిలీపట్నం జిల్లాలను కలిపి కృష్ణా జిల్లాగా ఏర్పరచి, బందరును ముఖ్యపట్టణం చేశారు.

కాలువ రక్షించలేనిది ఒకటున్నది. 1864 నవంబరు 1 రాత్రి వచ్చిన తుఫానులో సముద్రం పొంగి బందరును ముంచివేసింది. సుమారు 30,000 మంది మరణించినట్లు అంచనా. అటుపై సైన్యపు స్థావరంగా బందరుకు ప్రాధాన్యం పోయింది. అప్పటికి కాటన్ భారతదేశం వదలి వెళ్ళాడు. ఉప్పెనకు ఆయన పద్ధతిలో సమాధానం లేదు. చదునైన తీరంలో అది ఇప్పటికీ కష్టసాధ్యమే.

గుడివాడ ప్రాంతం ఈ పథకం వలన బాగా లాభపడిన భాగాలలో ఒకటి. గుడివాడ, కైకలూరు, బంటుమిల్లి వైపు భూములకు రైవస్, పుల్లేరు కాలువల నీరు అందడంతో జొన్న, మెట్టపైర్లు పండిన చోట్ల వరి వచ్చింది. ఒక తరం గడిచేసరికి వానలు తప్పినా ఇంటికి గింజలు వచ్చే స్థితి ఏర్పడింది. శిస్తుతోపాటు నీటితీరువా కూడా పెరిగిందన్నది మరువరాదు. కంపెనీ ప్రభుత్వం ఆనకట్టలకు డబ్బు పెట్టినది దయతో మాత్రమే కాదు. పెట్టిన సొమ్ము రాబడిగా తిరిగి వస్తుందని కాటన్ లెక్కకట్టి చూపినందువలననే. ఆ లెక్క లేకపోతే దయ కూడా ఫలించేది కాదు.

ఈ ప్రాంతంలోనే పథకపు బలహీనత కూడా బయటపడింది. నీరు పెట్టడం మీద ఉన్నంత శ్రద్ధ నీరు తీయడం మీద లేకపోయింది. కాలువలు వచ్చిన తరువాత మురుగు ఎక్కువయింది. కొల్లేరు వైపు దిగే పల్లాలలో పొలాలు నీట మునగడం పరిపాటి అయింది. ఏలూరు, రైవస్ కాలువలకు అడ్డంగా వచ్చే బుడమేరు ప్రతి తరానికీ సమస్యగానే ఉన్నది. 2024 సెప్టెంబరులో విజయవాడ నగరంలో అధికభాగాన్ని ముంచినది ఈ ఏరే.

దివిసీమ కథ వేరు. పులిగడ్డ వద్ద కృష్ణ రెండు పాయలుగా చీలి, హంసలదీవి వైపునకు పోతూ సముద్రంలో కలిసేలోగా మధ్య ఏర్పడిన ద్వీపం ఇది. అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు, మోపిదేవి ఇందులోనివి. చుట్టూ నీరున్నా బెజవాడ కాలువ నీరు పాయను దాటి రాలేదు. ఆనకట్ట కట్టిన తరువాత కూడా దివిసీమ దశాబ్దాల తరబడి వానల మీద, చెరువుల మీద ఆధారపడింది. 20వ శతాబ్ది ఆరంభంలో చమురు ఇంజన్లతో నది నీటిని ఎత్తిపోసే పథకం ఇక్కడ వచ్చింది. ఆ పిమ్మట పులిగడ్డ వద్ద కట్టిన అక్విడక్టు ద్వారా కాలువ నీరు పాయ మీదుగా సీమలోకి చేరింది. కోనసీమకు గన్నవరం వద్ద 1850లలోనే జరిగిన ఉపకారం దివిసీమకు అంత ఆలస్యంగా అందింది. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనలో ఇక్కడా, చుట్టుప్రక్కలా పదివేలమందికి పైగా మరణించారు.

రైళ్ళా, కాలువలా

ధవళేశ్వరం తరువాత కాటన్ మద్రాసు రాజధానికి చీఫ్ ఇంజనీరయ్యాడు. 1860లో భారతదేశం వదలివెళ్ళాడు. 1861లో సర్ బిరుదు, 1866లో కె.సి.ఎస్.ఐ. పొందాడు. 1862లో కంపెనీ ఇంజనీర్ల దళాలు రాణీగారి రాయల్ ఇంజనీర్లలో విలీనమయ్యాయి. మద్రాసు శాపర్ల దళం మాత్రం బెంగుళూరు కేంద్రంగా నేటికీ భారత సైన్యంలో కొనసాగుతున్నది.

ఇంగ్లండులో కాటన్ రెండవ జీవితం వాదోపవాదాల జీవితం. ప్రభుత్వం రైళ్ళ మీద కోట్లు ఖర్చుపెట్టి, హామీ ఇచ్చిన వడ్డీలు ప్రజల పన్నుల నుండి కడుతున్నదని, అందులో కొద్దిభాగం కాలువలకు పెడితే సేద్యమూ, చౌక రవాణా రెండూ సాధ్యమని ఆయన వాదించాడు. దేశమంతటి నదులనూ నౌకాయాన కాలువలతో కలపాలన్నది ఆయన కోరిక. ఫ్లారెన్స్ నైటింగేల్ ఈ విషయాలలో ఆయనతో ఉత్తరప్రత్యుత్తరాలు నడిపి, ఆయన పక్షాన నిలిచింది. 1876-78 కరువులో మద్రాసు రాజధానిలో లక్షలాదిమంది మరణించగా, కృష్ణా, గోదావరి డెల్టాలు తాము తిని ఇతర జిల్లాలకు ధాన్యం పంపగలిగాయి. కాటన్ వాదానికి ఇంతకు మించిన సాక్ష్యం అక్కరలేదు. అయినా 1878లో పార్లమెంటు సంఘం ముందు ఆయన ఇచ్చిన సాక్ష్యానికి తగిన ఆదరణ లభించలేదు.

ఆదరణ లేకపోవడానికి కారణాలు లేకపోలేదు. ఆయన ప్రోత్సాహంతో ప్రైవేటు కంపెనీలు చేపట్టిన రెండు పథకాలు ఆర్థికంగా విఫలమయ్యాయి. ఒరిస్సాలో మహానది కాలువల కంపెనీని 1868లోను, తుంగభద్ర మీద సుంకేసుల నుండి కర్నూలు-కడప కాలువ తవ్విన మద్రాసు ఇరిగేషన్ కంపెనీని 1882లోను ప్రభుత్వమే కొనవలసివచ్చింది. రాయలసీమ రేగడి భూముల రైతులు మంచి వానలున్న ఏడు నీరు కొనడానికి ఇష్టపడలేదు. డెల్టాలో చెల్లిన లెక్క మెట్టభూములలో చెల్లదన్నది కాటన్ సరిగా అంచనా వేయలేదు. అదీగాక, లోపలి నౌకాయానం గురించి ఆయన ఆశలు రైలు ముందు నిలువలేదు. బందరుకే 1908లో రైలు వచ్చింది. పడవలు క్రమంగా తగ్గి, కాలువలు సేద్యానికే పరిమితమయ్యాయి.

చివరి సంవత్సరాలు

కాటన్ దైవభక్తి కలవాడు. పని ఎంత తొందరగా ఉన్నా ఆదివారం పని ఆపించేవాడు. వృద్ధాప్యంలో సర్రే ప్రాంతంలోని డార్కింగ్ పట్టణంలో స్థిరపడ్డాడు. అక్కడ పెరటి నేలను లోతుగా తవ్వి గోధుమ పండించే ప్రయోగాలు చేశాడు. అరబ్బీ నేర్చుకొనేవారి కోసం చిన్న వాచకం కూడా రచించాడు. 1899 జూలై 24న తన 96వ యేట అక్కడే మరణించాడు. మరుసటి సంవత్సరం ఆయన కుమార్తె లేడీ హోప్ తండ్రి జీవితచరిత్రను ప్రచురించింది.

ఆ తరువాత

కృష్ణా ఆనకట్ట వందేళ్ళకు కొద్దిగా తక్కువ కాలం నిలిచింది. 1952లో దానికి గండి పడింది. దాని స్థానంలో కొద్ది ఎగువన బారేజి నిర్మాణం చేపట్టి 1957లో పూర్తిచేశారు. దానికి టంగుటూరి ప్రకాశం పేరు పెట్టారు. నేడు కృష్ణా డెల్టా ఆయకట్టు సుమారు 13 లక్షల ఎకరాలు. ధవళేశ్వరంలో పాత ఆనకట్ట స్థానంలో వచ్చిన బారేజికి కాటన్ పేరే ఉన్నది. అక్కడ ఆయన పేర ఒక ప్రదర్శనశాల కూడా ఉన్నది. గోదావరి జిల్లాల ఊళ్ళలో గుర్రం మీది కాటన్ విగ్రహాలు అనేకం. హైదరాబాదు ట్యాంక్‌బండ్‌పై నిలిపిన విగ్రహాలలో ఆయనది ఒకటి.

ఓర్ పేరు ఇంతగా ప్రచారంలో లేదు. కాలువ తలుపులు ఎత్తి దించే లస్కర్లు, గట్ల మీద ఓవర్సీర్లు, ఎండాకాలంలో కాలువ కట్టేసి మరమ్మతులు చేసే ఆచారం మాత్రం ఆనాటి మరామత్తు శాఖ నుండి వచ్చినవే. శివారు భూములకు నీరు చివరగా చేరడం, ఆ నీటికోసం బందరు, అవనిగడ్డ ప్రాంతాల రైతులు జూన్, జూలై నెలలలో ఎదురుచూడడం కూడా ఆ కాలువలంత పాతవే. కృష్ణకు ఎగువన ప్రాజెక్టులు పెరిగి ప్రవాహం తగ్గడంతో, 2015-16 నుండి పట్టిసీమ ఎత్తిపోతల ద్వారా గోదావరి నీటిని పోలవరం కుడికాలువ మీదుగా ప్రకాశం బారేజికి తెచ్చి ఈ డెల్టాకు ఇస్తున్నారు.